బహుకర్తృక గ్రంథములు – శేషపూరణము: ఆంధ్రవిజ్ఞానసర్వస్వమును గూర్చి కొంత విచారము

తెలుగునందు పలువురు చేయి కలిపిన గ్రంథములు క్రొత్తవి కావు. ఆంధ్రమహాభారతము మువ్వురి రచన. భాస్కర రామాయణమున హుళక్కి భాస్కరుడు, మల్లికార్జునభట్టు, కుమారరుద్రదేవుడు, అయ్యలార్యుడు అను నలుగురి భాగములు కలవు. నంది మల్లయ, ఘంట సింగయలు జంటగా కావ్యములు చెప్పిరి. తిరుపతి వేంకటకవుల నాటికి జంటపేరే కవిపేరై నిలిచినది. అయినను వీనిని నేటి యర్థమున బహుకర్తృక గ్రంథములనుట పొసగదు. జంటకవులలో నొకరికి తెలిసినది రెండవవారికిని తెలిసినదే. ఏ పద్యమెవరిదో తెలియనీయకుండుటయే వారి నేర్పు. భారత రామాయణములందు ఒకరి వెనుక నొకరు వచ్చిరి గాని ఒకరికొరకు ఒకరు కాచుకొని కూర్చుండలేదు. భిన్నవిషయములు తెలిసిన పలువురు, తమకు తెలిసిన దానిని మాత్రమే వ్రాసి, ఒకే కాలమున, ఒకే ముద్రణాలయమునకు, ఒకే గడువునకు అందీయవలసిన గ్రంథము ముద్రణయుగమున పుట్టినది. దానికి పూర్వకవు లెరుగని మువ్వురు కావలెను: సంపాదకుడు, ప్రకాశకుడు, చందాదారుడు.

అయినను పాతరచనలనుండి గ్రహింపదగిన దొకటి కలదు. నన్నయభట్టు అరణ్యపర్వము నడుమ విడిచిన భాగమును తిక్కన ముట్టక విరాటపర్వము మొదలుకొని సాగించెను. ఆ ఖాళీ మూడు శతాబ్దులకు దగ్గరగా అట్లే యుండెను. ఎఱ్ఱాప్రగడ దానిని పూరించి, ఆ భాగమును రాజరాజనరేంద్రునికే యంకితము చేసి, తాను మరుగున నిలిచెను. భాస్కర రామాయణమున యుద్ధకాండశేషమును ముగించిన అయ్యలార్యుని పని యట్టిదే. పలువురి గ్రంథము పూర్తియగునా కాదా యనుట దానిలోని మేటిరచయితను బట్టి యుండదు. రావలసిన భాగము రానపుడు దానిని వ్రాయువాడెవడన్న దానిని బట్టి యుండును. ఈ పనిని శేషపూరణమని వ్యవహరింతును. ఆంధ్రవిజ్ఞానసర్వస్వము అసమగ్రముగా నిలుచుటకు ధనలోపమును, సంపాదకుని యకాలమరణమును కారణములుగా చెప్పుట వాడుక. రెండును నిజమే. కాని ఆ గ్రంథమున కేర్పరచుకొన్న క్రమమే శేషపూరణభార మంతయు ఒక్క మనిషి భుజములపై మోపెనని నా యభిప్రాయము. దానిని నిరూపించుటకే యీ వ్యాసము.

కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారు 1877లో కృష్ణామండలమందలి పెనుగంచిప్రోలున జన్మించిరి. చిన్ననాడే తండ్రిని కోల్పోయి, అక్కగారైన బండారు అచ్చమాంబగారి యింట పెరిగి, నాగపురమున చదువుకొనిరి. మరాఠీలో వ్రాయగలిగినంత పాండిత్యము వారి కక్కడనే యబ్బెను. పిదప మునగాల సంస్థానమున దివానుగా నుండిరి. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయమును, 1906లో విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించిన వారిలో పంతులుగారు ముఖ్యులు. మండలికి మునగాల రాజా నాయని వేంకట రంగారావుగారి యండ యుండెను. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి అబ్రహాము లింకను చరిత్రము, చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము మండలి ప్రకటించినవే. చరిత్రముతోపాటు పదార్థవిజ్ఞానము, రసాయనము మొదలగు శాస్త్రములందును తెలుగుపుస్తకములు వ్రాయించిరి.

ఇచట నొక్క సంగతి గమనింపదగును. మండలి పలువురు రచయితల సంస్థయే గాని, దాని పుస్తకములలో ప్రతిదియు ఒక్కరి రచన. చరిత్రకారుడు ఆలసించిన రసాయనశాస్త్ర గ్రంథము ముందుగా నచ్చగును. ఒకరి మాంద్యము మరియొకరిని బంధింపదు. హరిసర్వోత్తమరావుగారు 1908లో స్వరాజ్యపత్రిక రచనలకై కారాగారమునకు పోయినను మండలి ఆగిపోలేదు. కార్యకర్త పోయిన నష్టము గొప్పదే, కాని గ్రంథమాలలో నది యొక పూస జారుట వంటిది. విజ్ఞానసర్వస్వమో, హారము గాదు, గోడ. నడుమ నొక రాయి లేనిదే పైరాయి నిలువదు.

1912–13 ప్రాంతమున పంతులుగారు ఆంధ్రవిజ్ఞానసర్వస్వమునకు పూనిరి. ఆంగ్లమునందలి ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా వారికి మేలుబంతి. హరిసర్వోత్తమరావుగారు కుడిభుజముగా నుండిరి. అప్పటికి యువకులైన రాయప్రోలు సుబ్బారావుగారు, మల్లంపల్లి సోమశేఖరశర్మగారు సహాయకులైరి. మద్రాసున ఎగ్మూరులోని కన్నెమరా గ్రంథాలయము వీరి కాకరము. గ్రంథము అకారాదిక్రమమున సాగవలెనని నిర్ణయము. మొదటి సంపుటము 1915లో వెలువడెను.

అకారాదిక్రమమనగా ముద్రణాలయమున నేమి జరుగునో ఆలోచింపవలెను. సీసపుటక్షరములు చేతితో కూర్చునాడు పుటలు ఫారములుగా నచ్చగును. ఒక ఫారము ముగిసినగాని దాని యక్షరములు విడదీసి రెండవదానికి కూర్చుటకు వీలులేదు. అక్షరములు చాలినన్ని యుండవు. పుటకు సంఖ్య పడిన పిమ్మట నడుమ నొక వ్యాసము చేర్చుటయు సాధ్యము గాదు. ఇట్టి స్థితిలో అంకగణితమును గూర్చి వ్రాయుదునన్న యుపాధ్యాయుడు వ్రాయకపోయిన, ఆ వెనుక రావలసిన వ్యాసములన్నియు, ఎంత చక్కగా సిద్ధమై యున్నను, బల్లపై పడియుండవలసినదే. సంపాదకునకు మూడు దారులు: కాచుకొనుట, 'ఫలానా శబ్దము చూడుడు' అని వ్రాసి విషయమును ముందరి యక్షరమునకు నెట్టుట, తానే వ్రాయుట. మొదటి దారిని చందాదారు డొప్పడు. రెండవదానిని పలుమారు త్రొక్కిన గ్రంథము వాయిదాల పట్టికయగును. మిగిలినది మూడవది. లక్ష్మణరావు పంతులుగారు ఆ దారినే పట్టిరి. వేదములు, అలంకారము, దర్శనములు, చరిత్ర యను భేదము లేక వారు స్వయముగా వ్రాసిన వ్యాసములు పెక్కు. ఇది వారి బహుముఖప్రజ్ఞకు నిదర్శనముగా కొనియాడబడినది. కొనియాడదగినదే. కాని సంపాదకుని ప్రజ్ఞకు తార్కాణమైనదే వ్యవస్థలోని లోపమునకును తార్కాణము. నూరుమంది వ్రాయవలసిన చోట ఒక్కరు వ్రాయుచున్నారనిన తక్కినవారు వ్రాయుట లేదనియేగదా.

దీనికి తోడు మన వర్ణమాలలో నొక చిక్కు కలదు. తెలుగు నిఘంటువు నేది తెరచినను అకారము మిక్కిలి పెద్దది. సంస్కృతమునందలి నిషేధార్థకమైన అకారము, అను, అభి, అధి, అతి, అప, అవ మొదలగు నుపసర్గలు తత్సమపదములను వేలకొలది యీ మొదటి యక్షరముక్రిందనే పోగుచేసినవి. అద్వైతము, అలంకారము, అభినయము, అర్థశాస్త్రము, అష్టాధ్యాయి, అశోకుడు – మహావిషయములన్నియు వాకిటనే నిలుచును. పని నేర్చుకొనుచున్నపుడు, సహాయకులు కొద్దిమందియై యున్నపుడు, చందాలింకను కుదురుకొననపుడు అన్నిటికంటె బరువైన యక్షరము నెత్తిపై పడును. ఈ కష్టము అకారాదికోశకారుల కందరకును కలదు. సూర్యరాయాంధ్రనిఘంటువువారును దీనిని చవిచూచిరి. అయినను నిఘంటుకారునకు పదపట్టిక ముందే యుండును, అర్థము కొన్ని పంక్తులతో ముగియును. సర్వస్వకర్తకు ప్రతి శబ్దము నొక శాస్త్రమునకు తలుపు.

పరిభాష సంగతి వేరొక చిక్కు. ఒకే వాయువును ఒకరు ప్రాణవాయువనిరి, మరియొకరు ఆమ్లజని యనిరి. ఒంటికర్త గ్రంథమున నేదైనను చెల్లును. పలువురి గ్రంథమున మాత్రము చదువరి ఒక వ్యాసమునుండి మరియొకదానికి పోవుసరికి రెండు వస్తువులున్నవని భ్రమపడును. కావున వచ్చిన వ్యాసమును ఉన్నదున్నట్లు అచ్చునకు పంపుటకు వీలులేదు. పైగా అవి గ్రాంథిక వ్యావహారికవాదములు తీవ్రముగా నున్న దినములు. శైలి యెట్లుండవలెనన్న దానిపై పండితులు రెండుగా చీలిరి. రచయిత యభిమానము నొప్పింపక, పరిభాషను సరిచేసి, శైలిని సమము చేయుట వ్రాయుటకంటె తక్కువ శ్రమ కాదు. వ్యాసము రాకపోవుట యొక శేషము. వచ్చినది పొందకుండుట రెండవ శేషము. ఈ రెండవది పాఠకునకు కనబడదు గాన దానిని పూరించినవానికి పేరును రాదు.

మూడవ సంపుటము 'ఆంధ్ర' శబ్దము నాశ్రయించి వెలువడినది. ఇచట వర్ణక్రమము పంతులుగారికి మేలే చేసినదనవలెను. 1913లో బాపట్లయందు ప్రథమాంధ్రమహాసభ జరిగినది. తెలుగువారు తమ చరిత్రను, తమ దేశపు టెల్లలను గూర్చి యాతురతతో తెలిసికొనగోరుచున్న కాలమది. వర్ణమాల రెండవ యక్షరముననే ఆంధ్రశబ్దము తటస్థించుట గొప్ప యదృష్టము. క్రమమును పట్టుకొని కూర్చున్నచో కాకతీయులకొరకు కకారమువరకు, విజయనగరమునకై వకారమువరకు, శాతవాహనులకై శకారమువరకు ఆగవలసి యుండెడిది. తెలుగుదేశమునకు సంబంధించినదంతయు ఒక్క శబ్దమునకు ముడివేయుటచే ఆ సంపుటము నామమునకు అకారాదియై, స్వభావమున విషయానుసారియైనది. పిదపవచ్చిన కోశకారులు సిద్ధాంతముగా గైకొన్న దానిని పంతులుగారు అవసరము కొలది ఆనాడే చేసి చూపిరి. ఈ మూడు సంపుటములతో పని నిలిచినది. ఐరోపాయుద్ధము నాడు కాగితము వెల పెరుగుటయు నిందుకు తోడ్పడి యుండును.

పోలికకు రెండు గ్రంథములను చూడవచ్చును. మొదటిది ఫ్రాన్సుదేశమున దిదెరో, దాలాంబేరులు సంపాదకులుగా 1751లో ప్రారంభమైన మహాకోశము. చేంబర్సను నాంగ్లేయుడు 1728లో ప్రకటించిన కోశమును ఫ్రెంచిలోనికి మార్చుటకై లబ్రెతోనను ముద్రాపకుడు తలపెట్టిన చిన్నపని పెరిగి పెరిగి యిట్లైనది. చిత్రపటములతో గూడ పది సంపుటములని 1750లో చందాదారులకు వాగ్దానము చేసిరి. తుదకు వ్యాససంపుటములు 17, చిత్రసంపుటములు 11 అయినవి. చందా 280 లీవ్రులనుండి 980 లీవ్రులకు పెరిగినది. రచయితల కొక్కొక్కరి కొక్కొక్క గుర్తు: దాలాంబేరునకు 'ఓ', సంగీతమును గూర్చి వ్రాసిన రూసోకు 'ఎస్', సంపాదకునిగా దిదెరో చేర్చినదానికి నక్షత్రము. ఎవరి మాటకు వారే పూచీ. 140కి మించిన రచయితలు నేటికి గుర్తింపబడిరి. కాని 1758లో దాలాంబేరు తప్పుకొనెను. మరుసటియేట ప్రభుత్వము అనుమతిపత్రమును రద్దుచేసెను. రచయితలు పెక్కురు వెనుదీసిరి.

అట్టి కోశము పూర్తియగుటకు కారణము దిదెరో యొక్కడే కాడు. షెవాలియే ద జోకూరను వైద్యవిద్య చదివిన పెద్దమనిషి యొకడుండెను. తాను లాటినున వ్రాసిన వైద్యకోశపు వ్రాతప్రతి ఓడతో మునిగిపోగా, ఆ శ్రమనంతటిని ఈ గ్రంథమునకు ధారపోసెను. స్వంతసొమ్ముతో లేఖకులను పెట్టుకొని సుమారు 17,000 వ్యాసములు వ్రాసెను. గ్రంథమున నది నాల్గవవంతునకు దగ్గర. లేఖకుల జీతములకై తన యిల్లమ్ముకొనగా దానిని కొన్నవాడు లబ్రెతోనే యట! జోకూరు వ్యాసములు ప్రతిభావంతములని యెవరు ననరు. పలుచోట్ల నవి ఇతరగ్రంథముల సంగ్రహములే. అయినను ఎఱ్ఱన గద్దెపై కూర్చుండదగినవాడు అతడే. సంపాదకుడు దిదెరో, శేషపూరకుడు జోకూరు. పని రెండు తలలకు పంచబడినది. పంతులుగారు దిదెరోయు తామే, జోకూరును తామే యైరి.

ముద్రాపకుని పాత్రను గూడ విస్మరింపరాదు. ప్రభుత్వభీతిచే లబ్రెతోను వ్యాసములలోని భాగములను దిదెరో యెరుగకుండ కత్తిరించెను. 1764లో తన వ్యాసమొకటి తిరిగి చూచుకొనుచుండగా దిదెరోకు ఆ సంగతి బయటపడెను. అప్పటికే సంపుటములు చాలవరకు అచ్చైనవి. ఆగ్రహించెను గాని పని విడువలేదు. పలువురి గ్రంథమున పాఠము ఎవరిదన్న ప్రశ్న ఇంతటి క్రూరముగా మరెక్కడను తలయెత్తలేదు.

రెండవ పోలిక మనకు సమీపమున నున్నది. శ్రీధర వేంకటేశ కేత్కరుగారి మహారాష్ట్రీయ జ్ఞానకోశము. పంతులుగారు విద్యనభ్యసించిన నాగపురముననే దీనికొరకు వాటాల కంపెనీ యేర్పడుట యాదృచ్ఛికమైనను గమనింపదగినది. 1920లో మొదలై 1929 నాటికి 23 సంపుటములు ముగిసినవి. కేత్కరుగారు రెండు విధముల జాగ్రత్తపడిరి. మొదటి ఐదు సంపుటములను ప్రస్తావనాఖండములుగా విషయానుసారము వెలువరించి, ఆ వెనుకనే వర్ణక్రమమునకు దిగిరి. ధనమును దాతలనుండి గాక వాటాదారులనుండి సమకూర్చిరి. దాత యౌదార్యము దాత మనస్సుతో మారును. వాటాదారుడు తన లెక్క తాను అడుగుచునే యుండును. ఆ యడుగుట బాధయే గాని గ్రంథమును నడిపించునదియు నదియే. మనకు సంస్థానాధిపతుల యాదరము విరివిగా లభించెను. అడిగెడివారు లేకపోయిరి.

ఇంతమాత్రమున పంతులుగారి ప్రణాళికను తప్పుపట్టుట న్యాయము గాదు. బెంగాలీలో నగేంద్రనాథ వసువుగారి విశ్వకోశము వర్ణక్రమముననే పూర్తియైనది. పైగా 1912లో తెలుగున శాస్త్రవిషయములు వ్రాయగలవారెందరు? నూరుమందిని వెదకిపట్టుటయే యొక కోశము కూర్చినంత పని. సర్వస్వము పూర్తిగాకున్నను వ్రాయువారిని తయారుచేసినది. కొంత వ్యవధి తరువాత పంతులుగారు మరల పూనుకొనిరి గాని, 1923 జూలైలో మద్రాసున కీర్తిశేషులైరి. వయస్సు నలువదియారేండ్లు మాత్రమే.

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1930 దశకమున సర్వస్వమును పునరుద్ధరించిరి. ఈసారి ధనమునకు కొదువలేదు. అమృతాంజనము సంపాదించిన సొమ్ము, ఆంధ్రపత్రికాముద్రణాలయము, భారతికి వ్రాయు పండితబృందము – పూర్వసంపాదకుడు కలగన్నవన్నియు సమకూడినవి. పాతసంపుటములను సంస్కరించి పెంచి ప్రకటించిరి. కాని 1938 ఏప్రిలులో నాగేశ్వరరావు పంతులుగారు మరణించిరి. వర్ణమాల చివరకు చేరకయే ఈ యుద్యమమును నిలిచినది. ధనలోపమే మొదటి ప్రయత్నమును చెరచినదన్న వాదమునకు ఈ రెండవ ప్రయత్నమే సమాధానము. డబ్బున్నను గోడ కట్టుక్రమము మారలేదు. మేస్త్రీ పోగా పని నిలిచినది.

సూర్యరాయాంధ్రనిఘంటువు చరిత్ర దీనికి ప్రతియుదాహరణము. 1911లో ఏర్పడిన ఆంధ్రసాహిత్యపరిషత్తు జయంతి రామయ్య పంతులుగారి నాయకత్వమున, పిఠాపురాధీశుల పోషణమున దానిని చేపట్టెను. తొలిసంపుటము 1936లో వచ్చినది; రామయ్య పంతులుగారు 1941లో గతించిరి; తుదిసంపుటము అటుపిమ్మట మూడు దశాబ్దులు దాటినగాని రాలేదు. వ్యవహారపదములను వెలివేసెనన్న విమర్శ దానిపై నుండనే యున్నది. అయినను నాయకుడు పోయినను నిలువలేదు. అచట శేషపూరణము వ్యక్తి పని గాక కార్యాలయపు పని.

1947లో మద్రాసున ఏర్పడిన తెలుగుభాషాసమితి వేరుదారి త్రొక్కినది. మోటూరి సత్యనారాయణగారు దీనికి ప్రాణము. వర్ణక్రమమును వదలి విషయమునకొక సంపుటమను పద్ధతిని గైకొనిరి. చరిత్ర, రాజనీతులకు సంబంధించిన మొదటి సంపుటము 1954లో వెలువడెను. దీనిచే ఒక శాస్త్రము రచయితలు ఆలసించిన మరియొక శాస్త్రము సంపుటము ముందు వచ్చును. ప్రతి సంపుటమును దానికదియే పూర్ణము. విజ్ఞానచంద్రికా మండలి గ్రంథమాలారీతియే సర్వస్వమున పునర్జన్మ మెత్తినదనుట తప్పుగాదు. లాభముతో నష్టమును కలదు. శబ్దము తెలిసి శాస్త్రము తెలియని పాఠకుడు ఏ సంపుటము తెరువవలెనో యెరుగడు. కోశము నాశ్రయించువారిలో నట్టివారే యెక్కువ. ఫ్రాన్సునను పాంకూకు అను ప్రకాశకుడు దిదెరో కోశమును విషయానుసారము తిరుగవ్రాయింప బూనగా ఇదే యాక్షేపము వచ్చెను.

ఈ సమితి సర్వస్వమునకు సంకలనకర్తగా పనిచేసినవారిలో మల్లంపల్లి సోమశేఖరశర్మగారు కలరు. యౌవనమున కన్నెమరా గ్రంథాలయమున లక్ష్మణరావు పంతులుగారి ప్రక్కన కూర్చుండి పనినేర్చినవారు, నాలుగు దశాబ్దులు గడచిన పిమ్మట వేరొక సర్వస్వమున రచయితల వ్యాసములు సరిదిద్దుచుండిరి. పట్టములు లేకయే శాసనపరిశోధకులై, రెడ్డిరాజ్యముల చరిత్రమును ఆంగ్లమున వ్రాసి, ఆంధ్రవిశ్వకళాపరిషత్తున బోధకులైన శర్మగారి విద్యాభ్యాసము ఆ యసంపూర్ణ గ్రంథముననే జరిగినదనవచ్చును. 1963లో శర్మగారు దివంగతులైరి.

హైదరాబాదున ఖండవల్లి లక్ష్మీరంజనముగారి సంపాదకత్వమున సంగ్రహాంధ్రవిజ్ఞానకోశము 1958 మొదలు వెలువడినది. ఇది మరల అకారాదిక్రమమే. అయితే పేరులోనే 'సంగ్రహ' శబ్దమును చేర్చి, ప్రతి వ్యాసమునకు ముందే కొలత పెట్టిరి. వ్యాసము పొట్టిదైన వ్రాయువాడు వెనుదీయడు. వ్రాయకున్నను పూరించుట కష్టము గాదు. లక్ష్మణరావు పంతులుగారి విస్తృతవ్యాసములతో పోల్చి ఇవి పలుచనివని యన్నవారు కలరు. ఎనిమిది సంపుటములతో అది హకారమును చేరినది.